పుట పదిలం... మరి మాట?

శుభలేఖ నుంచి సిద్ధాంత గ్రంథం దాకా కాగితం పని అంతా ఇప్పుడు పీడీఎఫ్‌లోనే సాగుతోంది. ఆ రూపంలోకి మార్చే దారులు అనేకం, చేరే గమ్యం మాత్రం పైకి ఒకేలా కనిపిస్తుంది. ఏ దారిలో ఏది మిగులుతుంది, ఏది జారిపోతుంది, తెలుగు అక్షరానికి ఏమవుతుంది అన్న విషయాల మీద ఈ వారం ముఖచిత్ర కథనం.

ఒక చోట కూర్చిన పత్రం మరో చోట, మరో యంత్రం మీద, కూర్చిన ఫాంటు అక్కడ లేకపోయినా సరే, పంక్తి చెదరకుండా, బొమ్మ కదలకుండా తెరుచుకోవాలన్న అవసరం నుంచి పుట్టిన ఫైలు రూపం పీడీఎఫ్. ఎక్కడికైనా మోసుకుపోదగిన పత్ర రూపం అని ఆ పొడి అక్షరాల పూర్తి పేరుకు అర్థం. పరీక్ష హాల్ టికెట్, కరెంటు బిల్లు, కోర్టు తీర్పు, పెళ్లి శుభలేఖ, విశ్వవిద్యాలయానికి సమర్పించే సిద్ధాంత గ్రంథం, అన్నీ ఈ రూపంలోనే చేతులు మారుతున్నాయి. ‘పీడీఎఫ్ చేసి పంపండి’ అన్న మాట కార్యాలయాల్లోనూ జిరాక్స్ షాపుల్లోనూ రోజూ వినబడేదే. అయితే ఆ మాటలోని ‘చేసి’ అన్న చిన్న క్రియ కింద ఒకదానికొకటి పోలిక లేని నాలుగైదు పనులు దాగి ఉన్నాయి. వాటిలో ఏది చేసినా తెర మీద కనిపించే పుట ఒకటే కాబట్టి వాడుకరి వాటి మధ్య తేడాను గమనించడు. తేడా బయటపడేది ఆ పుటలో ఒక మాటను వెతికినప్పుడు, ఒక వాక్యాన్ని కాపీ చేసుకున్నప్పుడు, చూపులేని పాఠకుడు దాన్ని యంత్రం చేత చదివించుకున్నప్పుడు.

ప్రింటరు భాష నుంచి పత్ర రూపం దాకా

పీడీఎఫ్ కథకు మూలం ప్రింటరులో ఉంది. జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో పనిచేసిన జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ ఆ ఉద్యోగాలు వదిలి 1982లో అడోబీ సంస్థను స్థాపించి, పుట మీద ఏ గీత ఎక్కడ పడాలో, ఏ అక్షరం ఎంత కొలతలో నిలవాలో ప్రింటరుకు చెప్పే పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాషను రూపొందించారు. 1985లో ఆపిల్ విడుదల చేసిన లేజర్‌రైటర్ ప్రింటరు ఆ భాషను అర్థం చేసుకోగలిగేది. అదే ఏడాది ఆల్డస్ సంస్థ తెచ్చిన పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ దానికి తోడు కావడంతో, బల్ల మీది కంప్యూటరుతో పుటలు కూర్చే డీటీపీ యుగం మొదలైంది. పోస్ట్‌స్క్రిప్ట్ పూర్తిస్థాయి ప్రోగ్రామింగ్ భాష కావడం వల్ల నూరో పుట ఎలా ఉంటుందో చూడాలంటే సాధారణంగా దానికి ముందున్న ఆదేశాలన్నిటినీ నడిపించవలసి వచ్చేది. ఈ చిక్కును తొలగించి, ఏ పుటనైనా నేరుగా తెరవగలిగే తేలిక రూపం కావాలని వార్నాక్ 1991లో కేమ్‌లాట్ అన్న పేరుతో ఒక పథకాన్ని ప్రతిపాదించగా, అది 1993లో అక్రోబాట్ సాఫ్ట్‌వేర్‌తో పాటు పీడీఎఫ్‌గా వెలువడింది.

మొదట్లో పీడీఎఫ్ తెరిచి చదివే రీడర్‌ను కూడా డబ్బిచ్చి కొనవలసి రావడం వల్ల ఆదరణ అంతంత మాత్రంగానే ఉండేది. రీడర్‌ను ఉచితం చేసిన తరువాత వ్యాప్తి ఊపందుకుంది. రూప నిర్దేశాలను అడోబీ తొలి నుంచీ ప్రచురిస్తూ రావడం, 2008లో అవి ఐఎస్‌ఓ 32000-1 అన్న అంతర్జాతీయ ప్రమాణంగా మారడం మరో ముఖ్య పరిణామం. పీడీఎఫ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా రాయవచ్చన్న స్వేచ్ఛ దానివల్లే స్థిరపడింది. నేడు ఉచితంగానూ ఖరీదుకూ ఇన్ని సాధనాలు దొరకడానికి కారణం అదే, వాటి నాణ్యతలో ఇంత తేడా ఉండడానికీ కారణం అదే.

ఫైలు కడుపులో ఏముంది

పీడీఎఫ్ ఫైలు స్వభావరీత్యా ఒక ఆదేశాల చిట్టా. ఏ4 పుట అంటే ఆ చిట్టా లెక్కలో 595 పాయింట్ల వెడల్పు, 842 పాయింట్ల ఎత్తు గల ఒక ఖాళీ పలక; పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు. ఫలానా ఫాంటులోని ఫలానా సంఖ్య గల అక్షరబింబాన్ని ఎడమ అంచు నుంచి ఇన్ని పాయింట్ల దూరంలో, కింది అంచు నుంచి ఇన్ని పాయింట్ల ఎత్తులో నిలపాలి అన్నట్టుగా ఆదేశాలు సాగుతాయి. అక్షరబింబం అంటే ఫాంటులో గీసి పెట్టిన ఒక ఆకారం, దీన్నే గ్లిఫ్ అంటారు. గ్రహీత యంత్రంలో ఆ ఫాంటు ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి, పత్రంలో వాడిన ఆకారాలను మాత్రం ఏరి ఫైలులోనే కూర్చి పెట్టడం ఆనవాయితీ. దీన్ని ఫాంటును పొదగడం అంటారు. పేరా, శీర్షిక, పట్టిక అన్న భావనలకు ఈ గీత ఆదేశాల్లో చోటు లేదు. చివరికి రెండు పదాల నడుమ ఖాళీ కూడా ఒక్కోసారి ఖాళీగా కాక ఉత్త దూరంగానే నమోదవుతుంది.

ఇంగ్లీషులో ఒక అక్షరానికి దాదాపు ఎప్పుడూ ఒకే ఆకారం కాబట్టి ఆకారం నుంచి అక్షరానికి తిరిగి రావడం తేలిక. తెలుగులో అలా కాదు. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ వ్యవస్థ తెలుగుకు 128 స్థానాలున్న గడిని ఇచ్చింది. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, అంకెలు అందులోనే ఇమిడిపోయాయి, ఒత్తులకు విడి స్థానాలు లేవు. హల్లు తరువాత పొల్లు, ఆ తరువాత మరో హల్లు వస్తే రెండో హల్లును ఒత్తుగా మార్చి చూపించే పని ఫాంటుదీ, ఆ ఫాంటును నడిపించే షేపింగ్ ఇంజిన్‌దీ. అక్షరాల వరసను చూసి తగిన ఆకారాలను ఎంచి, వాటి చోట్లు నిర్ణయించే సాఫ్ట్‌వేర్ భాగాన్ని అలా పిలుస్తారు.

‘స్త్రీ’ అన్న మాటను తీసుకుంటే ఈ వ్యవహారం స్పష్టపడుతుంది. కంప్యూటరు నిల్వ చేసే పాఠంలో ఇది ఆరు సంకేతాల వరస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. పుట మీదికి వచ్చేసరికి గుడి దీర్ఘం ఎగిరి వెళ్లి స నెత్తిన కూర్చుంటుంది, త, ర ఒత్తులై కిందికి దిగుతాయి. అంటే పీడీఎఫ్‌లో పడే ఆకారాల వరస సీ, త ఒత్తు, ర ఒత్తు. కంటికి ఇందులో లోపమేమీ కనిపించదు. ఆ మాటను కాపీ చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ ఆకారాలను వరసగా అక్షరాల్లోకి మార్చి ఇస్తే మాత్రం చేతికి వచ్చేది ‘సీ్త్ర’. అంతర్జాలంలో తెలుగు చదివేవారికి ఈ వికృత రూపం చిరపరిచితం. దీన్ని నివారించడానికి పీడీఎఫ్ ప్రమాణంలో రెండు ఏర్పాట్లు ఉన్నాయి. మొదటిది, ఏ ఆకారం ఏ అక్షరానికి ప్రతినిధో చెప్పే ‘టు యూనికోడ్’ పట్టిక. ఇది ఆకారాలను గుర్తు పడుతుంది కానీ తారుమారైన వరసను చక్కదిద్దలేదు. రెండోది, కొన్ని ఆకారాల గుంపుకు వెనుక ఉన్న అసలు పాఠం ఇదీ అని ఆ గుంపుకే చీటీ కట్టే ‘యాక్చువల్ టెక్స్ట్’. తెలుగుకు కావలసింది ఇదే. ఈ రెండూ ఉండి తీరాలన్న నియమం మామూలు పీడీఎఫ్‌కు లేదు. చీటీ కట్టాలా వద్దా అన్నది మార్పిడి చేసే సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంది. అందుకే సాధనాన్ని ఎంచుకోవడమంటే పుటతో పాటు మాట కూడా మిగలాలా లేదా అన్నది నిర్ణయించుకోవడమే.

మార్పిడికి ఉన్న దారులు

అన్నిటికన్నా సులభమైనది లేని ప్రింటరుకు అచ్చు వేయించే దారి. ప్రింట్ మీట నొక్కినప్పుడు వచ్చే ప్రింటర్ల జాబితాలో ఒక కల్పిత ప్రింటరు కూడా ఉంటుంది. దానికి పంపిన పుట కాగితం మీదికి కాక పీడీఎఫ్ ఫైలులోకి వెళుతుంది. ఆపిల్ 2001లో తెచ్చిన మాక్ ఓఎస్ టెన్ నుంచీ ఈ సౌకర్యం వ్యవస్థలోనే ఉంది. విండోస్‌లో 2015 నాటి విండోస్ 10తో ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ రూపంలో వచ్చింది. అంతకు ముందు ఆ లోటును క్యూట్‌పీడీఎఫ్, పీడీఎఫ్‌క్రియేటర్ వంటి ఉచిత సాధనాలు తీర్చేవి. ఈ రెంటి వెనుకా పనిచేసేది పీటర్ డాయిచ్ 1988లో తొలిసారి విడుదల చేసిన గోస్ట్‌స్క్రిప్ట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అచ్చు వేయగల ఏ సాఫ్ట్‌వేర్ నుంచైనా పీడీఎఫ్ తీయగలగడం ఈ దారికున్న బలం. ప్రింటరుకు కావలసింది గీతలూ ఆకారాలే కాబట్టి శీర్షికల అంతస్తులు, లింకులు, విషయసూచిక నుంచి అధ్యాయానికి దూకే బుక్‌మార్కులు చాలా సందర్భాల్లో దారిలోనే రాలిపోవడం దీని బలహీనత.

రెండో దారి ఎగుమతి. ఇందులో పత్రాన్ని రాసిన సాఫ్ట్‌వేరే, తనకు తెలిసిన శీర్షికలూ పట్టికలూ లింకులూ అన్నిటితో సహా నేరుగా పీడీఎఫ్‌ను రాస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన ఓపెన్ఆఫీస్ 2003లో విడుదలైన 1.1 రూపంలోనే ఈ సౌకర్యం కల్పించింది. మైక్రోసాఫ్ట్ దీన్ని ఆఫీస్ 2007లో చేర్చబోగా అడోబీ అభ్యంతరం తెలిపినందువల్ల తొలగించి, విడిగా దించుకునే ఉచిత అనుబంధంగా ఇచ్చి, 2009 నాటి సవరణతో లోపలికి తెచ్చింది. వర్డ్‌లో ‘సేవ్ యాజ్’ ద్వారా పీడీఎఫ్‌ను ఎంచుకున్నప్పుడు పక్కనే కనిపించే ‘ఆప్షన్స్’ మీటను చాలామంది తాకరు. శీర్షికలను బుక్‌మార్కులుగా మార్చమనీ, పత్ర నిర్మాణాన్ని తెలిపే గుర్తులను చేర్చమనీ, భద్రపరిచే రూపంలో రాయమనీ అడిగే గడులు ఆ మీట వెనుకే ఉన్నాయి. ఓపెన్ఆఫీస్ నుంచి 2010లో చీలి వచ్చిన లిబ్రేఆఫీస్‌లో ఈ ఎంపికలు ఇంకా విస్తారం. బొమ్మల నాణ్యతను శాతాల్లో నిర్ణయించవచ్చు, తిరిగి దిద్దుకోదగిన మూల పత్రాన్ని పీడీఎఫ్ లోపలే దాచే జంట రూపాన్ని ఎంచుకోవచ్చు, పదుల కొద్దీ ఫైళ్లున్న సంచికను టెర్మినల్‌లో ఇచ్చే ఒకే ఆదేశంతో మార్చేయవచ్చు. గూగుల్ డాక్స్‌లో ‘డౌన్‌లోడ్’ కింద ఉండేదీ ఈ జాతికి చెందిన ఎగుమతే.

మూడో దారి అక్షర కూర్పు వ్యవస్థలది. డొనాల్డ్ క్నూత్ 1977లో ప్రారంభించిన టెక్ సంప్రదాయంలో రచయిత పాఠాన్నీ, దాని నిర్మాణాన్నీ సాదా అక్షరాల్లో రాస్తే పుటలను యంత్రం కూరుస్తుంది. గణితం నిండిన గ్రంథాలకు దీని వాడుక ఎక్కువ. తొలి రూపాలకు తెలుగు కష్టసాధ్యంగా ఉండేది. జోనథన్ క్యూ 2004లో విడుదల చేసిన జీటెక్ యూనికోడ్‌ను నేరుగా స్వీకరించడంతో సిలికానాంధ్ర సంస్థ, ప్రభుత్వాల చొరవతో వెలువడిన మండలి, రామభద్ర, గిడుగు వంటి ఉచిత ఫాంట్లతో తెలుగు గ్రంథాన్ని కూర్చడం సాధ్యమైంది. సాదా పాఠాన్ని అనేక రూపాల్లోకి మార్చే పాన్‌డాక్ అనే సాధనం కూడా పీడీఎఫ్ కోసం సాధారణంగా ఈ టెక్ యంత్రాలనే ఆశ్రయిస్తుంది. తెలుగు పత్రమైతే జీటెక్ వాడమనీ, ఫలానా ఫాంటు వాడమనీ స్పష్టంగా చెప్పాలి, లేకుంటే మార్పిడి మధ్యలో ఆగిపోతుంది, లేదా అక్షరాల చోట ఖాళీలు మిగులుతాయి.

పుట మాత్రమే మిగిలిన తెలుగు

తెలుగు ముద్రణ రంగంలో చాలాకాలం పాటు డీటీపీ పని పేజ్‌మేకర్ మీద, అను వంటి ఫాంట్ల మీద సాగింది, కొన్ని చోట్ల ఇప్పటికీ సాగుతోంది. ఆ ఫాంట్లు యూనికోడ్‌కు ముందు తరానికి చెందినవి. వాటిలో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ఆకారాలను, ముక్కలు ముక్కలుగా, కూర్చిపెట్టారు. ఆ ఫాంటు తొడిగినంత వరకు తెర మీద అందమైన తెలుగు కనిపిస్తుంది. ఫైలు లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల, చిహ్నాల కలగాపులగం. అలాంటి పుటను పీడీఎఫ్‌గా మారిస్తే ఆకారాలు పొదిగి ఉంటాయి కాబట్టి పుట నిక్షేపంగా ఉంటుంది. ఒక పేరాను కాపీ చేస్తే అర్థం లేని ఇంగ్లీషు ముక్కలు వస్తాయి, ఒక మాటను వెతికితే దొరకదు. శుభలేఖల విషయంలో ఇది మరో మెట్టు ముందుకు వెళుతుంది. ప్రెస్సులో ఫాంటు మారిపోతుందన్న భయంతో కోరల్‌డ్రాలో అక్షరాలన్నిటినీ ‘కర్వ్స్’గా, అంటే ఉత్త గీతలుగా మార్చి పంపడం అక్కడి రివాజు. అచ్చుకు అది మంచి జాగ్రత్తే, కానీ ఆ ఫైలులో వధూవరుల పేర్లు ఇక పేర్లు కావు, బొమ్మలు.

పాత పుస్తకాలను యూనికోడ్‌లోకి తెచ్చే మార్పిడి సాధనాలు ఉన్నాయి, కానీ ముక్కలను కలిపేటప్పుడు వరస తప్పి ‘సీ్త్ర’ వంటి రూపాలు మిగిలే ప్రమాదం అక్కడా ఉంది కాబట్టి ప్రూఫు దిద్దేవారి కన్ను తప్పనిసరి. కొత్త పుస్తకాలను ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ ఫాంట్లతో కూర్చడం మేలు. భారతీయ లిపుల కోసం అందులోని ‘వరల్డ్ రెడీ కంపోజర్’ను ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయన్న సంగతి గుర్తుండాలి.

కాగితం నుంచి వచ్చే పీడీఎఫ్

స్కానర్‌తోనో ఫోన్ కెమెరాతోనో తీసిన పీడీఎఫ్ నిజానికి పీడీఎఫ్ సంచిలో పెట్టిన ఫొటో. ఏ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున తీస్తే 2480 చుక్కల వెడల్పు, 3508 చుక్కల ఎత్తు, మొత్తం 87 లక్షల చుక్కలు. రంగుల్లో ఒక్కో చుక్కకు మూడు బైట్లు కాబట్టి కుదించకముందు 26 మెగాబైట్లు. చుక్కలను 150కి తగ్గిస్తే పరిమాణం నాలుగో వంతుకు దిగుతుంది. దరఖాస్తు పెట్టే చోట ఫైలు ఇన్ని కిలోబైట్లు మించరాదన్న షరతు ఎదురైనప్పుడు గుడ్డిగా కుదించే సాధనాన్ని ఆశ్రయించడం కన్నా, అవసరం లేని రంగును తీసి, చుక్కల సంఖ్యను 150 దగ్గర నిలపడం మంచిది; అంతకన్నా దిగితే చిన్న అచ్చులోని ఒత్తులు పూడిపోతాయి. అలాంటి ఫొటో వెనుక పాఠాన్ని చేర్చాలంటే అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ కావాలి. హెచ్‌పీ సంస్థలో పుట్టి 2005లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా మారిన టెసరాక్ట్ తెలుగును చదువుతుంది. శుభ్రమైన అచ్చు పుటలో బాగానే పనిచేసినా, అరిగిన సీసపు అచ్చు ముందు తడబడుతుంది.

నిలవాలంటే, వినిపించాలంటే

దశాబ్దాల పాటు దాచవలసిన పత్రాల కోసం 2005లో పీడీఎఫ్/ఏ అన్న ప్రమాణం వచ్చింది. ఫాంట్లన్నీ ఫైలులోనే ఉండాలనీ, తాళం వేయరాదనీ, బయటి వనరుల మీద ఆధారపడరాదనీ అది విధించింది. ఇందులోని అంచెలు గమనించదగ్గవి: ‘బి’ అంచె కంటికి కనిపించే రూపానికి మాత్రమే హామీ ఇస్తుంది, 2011లో రెండో భాగంతో చేరిన ‘యు’ అంచె ప్రతి ఆకారానికీ యూనికోడ్ జత ఉండాలంటుంది, ‘ఏ’ అంచె పత్ర నిర్మాణం కూడా ఉండాలంటుంది. పుట వేరు, మాట వేరు అన్న సంగతిని ప్రమాణమే ఈ విధంగా ఒప్పుకుంది. చూపులేనివారికి పత్రాలు అందాలన్న లక్ష్యంతో 2012లో వచ్చిన పీడీఎఫ్/యూఏ ప్రమాణం ఇంకో అడుగు వేసి, చదవవలసిన క్రమం, బొమ్మలకు వివరణ వంటివి తప్పనిసరి చేసింది. ఎన్‌వీడీఏ వంటి తెర చదివే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగును పలకగలదు, కానీ ఫైలులో ఉన్నదే అది పలుకుతుంది. ఉన్నది ‘సీ్త్ర’ అయితే వినిపించేదీ అలాంటిదే.

ఉచితానికి ఉన్న వెల

ఏ సాఫ్ట్‌వేరూ పెట్టుకోనక్కరలేకుండా అంతర్జాలంలోనే మార్చిపెట్టే సేవలు కొల్లలు. అక్కడ అప్‌లోడ్ చేసిన పత్రం పరాయి కంప్యూటరులోకి వెళుతుందన్న సంగతి ఆధార్ ప్రతులూ, జీతం చీటీలూ పంపే ముందు తలచుకోవాలి. ఉచిత మార్పిడి సాధనాల వేషంలో హానికర ప్రోగ్రాములను అంటగడుతున్నారని 2025 మార్చిలో అమెరికాలోని ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం హెచ్చరించింది కూడా. సొంత కంప్యూటరులోనే ఉచితంగా మార్చుకునే వీలుండగా గోప్యమైన పత్రాన్ని బయటికి పంపవలసిన పని లేదు.

మరో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. దాచవలసిన వాక్యం మీద నల్లటి పట్టీ గీసి పీడీఎఫ్ చేస్తే పట్టీ కింద పాఠం అలాగే ఉంటుంది. 2019 జనవరిలో అమెరికాలో రాజకీయ సలహాదారు పాల్ మనఫోర్ట్ తరఫు న్యాయవాదులు కోర్టులో దాఖలు చేసిన పత్రంలో నల్లబడిన భాగాలను కాపీ చేసి అతికించి లోకమంతా చదివింది. మాట మిగిలిపోవడం కూడా ఒక్కోసారి ముప్పే అనడానికి ఇది నిదర్శనం. రెండోది, డిజిటల్ సంతకం ఉన్న ధ్రువపత్రాన్ని సైజు తగ్గించడానికో, రెండు ఫైళ్లు కలపడానికో మళ్లీ ‘ప్రింట్ టు పీడీఎఫ్’ చేయడం. సంతకం బొమ్మ పుట మీద కనిపిస్తూనే ఉంటుంది, కానీ దాని వెనుక ఉండి నిజాన్ని రుజువు చేసే గణిత సంకేతం పోతుంది, మిగిలేది సంతకం ఫొటో.

ఏ పనికి ఏ సాధనం

ఒక్కసారి చూసి వదిలేసే బిల్లుకో టికెట్టుకో కల్పిత ప్రింటరు చాలు. పంచుకునే, వెతుక్కునే, దాచుకునే నివేదికలకూ పుస్తకాలకూ యూనికోడ్ పాఠం నుంచి వర్డ్ ద్వారానో లిబ్రేఆఫీస్ ద్వారానో నేరుగా ఎగుమతి చేయడం ఉత్తమం. ప్రెస్సుకు పంపే ఫైలు ముద్రణ కోసం ఉద్దేశించిన పీడీఎఫ్/ఎక్స్ ప్రమాణంలో ఉంటే రంగులూ ఫాంట్లూ మారిపోయే బెడద తగ్గుతుంది, గీతలుగా మార్చిన ప్రతిని ప్రెస్సుకే పరిమితం చేసి పాఠమున్న ప్రతిని విడిగా దాచడం ప్రచురణకర్త బాధ్యత. గ్రంథాలయానికి వెళ్లేది పీడీఎఫ్/ఏ కావాలి, అందులోనూ ‘యు’ అంచెకు తగ్గకూడదు. ఆ ప్రమాణాన్ని నిజంగా పాటించిందో లేదో చెప్పే వెరాపీడీఎఫ్ అనే ఉచిత పరీక్ష సాధనం అందుబాటులో ఉంది. అయినా ప్రతి ఆకారానికీ జత ఉందని తేల్చే పరీక్ష, వరస సరిగా ఉందని తేల్చదు.

ఆ చివరి నిర్ధారణకు ఖరీదైన సాధనమేదీ అక్కరలేదు. ఒకే సాఫ్ట్‌వేర్ కూడా ఫాంటును బట్టి, విడుదలైన రూపాన్ని బట్టి వేరువేరు ఫలితాలు ఇవ్వవచ్చు కాబట్టి, తయారైన ప్రతి ముఖ్యమైన పీడీఎఫ్‌నూ పంపే ముందు తెరిచి, ఒత్తులూ గుణింతాలూ పెనవేసుకున్న ఒక మాటను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూస్తే చాలు. అర నిమిషం పని. ‘స్త్రీ’ని తీస్తే ‘స్త్రీ’యే వచ్చిన ఫైలును నిశ్చింతగా పంపవచ్చు, ‘సీ్త్ర’ వస్తే మూల పత్రం ఇంకా చేతిలోనే ఉంది కాబట్టి మరో దారిలో మార్చి చూడడానికి అదే అదను.